గుట్ట మీద బఫే

మేడ మీద ఆరేసిన బట్టలు తేవాలన్నా నేను మా ఆయన్నే పంపిస్తాను. మోకాళ్ల నొప్పి అని చెప్తాను గాని, అందులో సగం బద్ధకమే. అలాంటి నేను ఒక మాఘమాసపు ఆదివారం పొద్దున్నే చీర మీద మా ఆయన పాత ఫుల్‌షర్టు తొడుక్కుని, కాళ్లకు కొత్త క్యాన్వాస్ బూట్లు వేసుకుని, భూపాలపల్లి అడవిలో ఒక గుట్ట కింద నిలబడ్డాను. అదంతా మా బిడ్డ చలవ.

అల్లుడికి అక్కడి బొగ్గు గనుల్లో ఉద్యోగం. పెళ్లయిన దగ్గర నుంచి ఇద్దరికీ ఒకటే పని, ఆదివారం వస్తే ఏదో ఒక గుట్ట ఎక్కి ఫొటోలు దిగడం. "అమ్మా, ఒక్కసారి నాతోని రా. రెండు గంటల ఎక్కుడు, అంతే. పైకెళ్లి చూస్తే చెరువు, చేన్లు మస్తు కనిపిస్తయి. నీ షుగర్‌కు గూడ మంచిది" అని పదిహేను రోజులు ఫోన్‌లో నా చెవి తిన్నది. నేను నెల్లికుదురు దగ్గర ఒక ఊళ్లో బడి టీచర్ని. శనివారం బడి కాగానే బస్సెక్కి వాళ్ల క్వార్టర్‌కు చేరుకున్నాను. పొద్దున మేమిద్దరం స్కూటీ మీద గుట్ట దగ్గరికి వచ్చేశాం. "ఆయన ఒక దోస్తును తీసుకొని కారుల వస్తడు" అన్నది మా బిడ్డ, నా వైపు చూడకుండా. ముప్పై ఏళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్నదాన్ని, అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

కారు వచ్చింది. ముందు తలుపు తెరుచుకుంది. అందులోంచి మా వియ్యపురాలు దిగింది.

ఆమె నర్సింహులపేట వైపు ఒక ఊరికి సర్పంచిగా చేసిన మనిషి. పదవి పోయి ఏళ్లయినా నడకలో పోలేదు. కారు దిగినా ట్రాక్టరు మీది నుంచి దిగినట్టే దిగుతుంది. తలకు తువ్వాల చుట్టుకుని, కొడుకు పాత బూట్లు వేసుకుని, చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ పట్టుకుంది. నన్ను చూసి ఆగిపోయింది. నేనూ ఆమెను చూసి ఆగిపోయాను. తర్వాత మేమిద్దరం పిల్లల వైపు చూశాం. పిల్లలు చెట్ల వైపు చూశారు.

"నేను వాపస్ పోత" అన్నాను.

"నేను గూడ" అన్నది ఆమె, తన కొడుకుతో.

స్కూటీ తాళంచెవి మా బిడ్డ జేబులో ఉంది, కారు తాళంచెవి అల్లుడి జేబులో. మా ఇద్దరికీ ఏ బండీ నడపడం రాదు. అంత పకడ్బందీగా ప్లాన్ వేసిన పిల్లలను మెచ్చుకోవాలో నాలుగు తగిలించాలో నాకు తెలియలేదు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోక తొమ్మిది నెలలు. కారణం చెప్తే నవ్వుతారు. నవ్వండి, నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను.

పెళ్లి మా మానుకోటలోనే, అంటే మహబూబాబాద్‌లోనే చేశాం. బఫే పెట్టిద్దామన్నది నేనే. విస్తళ్లు వేయడం, ఒక బంతి లేచేదాకా ఇంకో బంతి వాళ్లు వెనకాల నిలబడి వాళ్ల నోళ్లు చూడడం, ఈ తంటాలన్నీ ఎందుకన్నాను. ఎవరి ప్లేటు వాళ్లు పట్టుకుంటారు, లైన్లో వస్తారు, కావలసింది వేసుకుంటారు. టీచర్ని కదా, లైను అంటే నాకు ప్రాణం. కాని మా దిక్కు వియ్యపురాలిని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి కూచోబెట్టాలి. ఇంకో ముక్క వేసుకోమని బతిమాలాలి. ఆమె వద్దనాలి, మనం వేయాలి. బఫే వచ్చినంత మాత్రాన ఈ మర్యాద ఎక్కడికీ పోదు. పోయిందని నేననుకున్నాను.

ఆమె ఫంక్షన్ హాల్లో ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూచుంది. పన్నెండింటి నుంచి మూడున్నర దాకా. మా ఆడబిడ్డ పిలిచి ఉంటుందని నేననుకున్నాను. నేను పిలిచి ఉంటానని మా ఆడబిడ్డ అనుకుంది. ఆమె కళ్ల ముందే యాట మాంసం కూర అయిపోయింది, కోడికూర అయిపోయింది, వంటవాళ్లు డేగిసాలు కడిగి బోర్లించారు. పిల్లను అప్పగించుకుని, కడుపులో మెతుకు లేకుండా బండెక్కి పోయింది. ఇంటికి పోయి మామిడికాయ తొక్కు వేసుకుని అన్నం తిన్నదట. ఆ తొక్కు సంగతి రెండు రోజుల్లో వాళ్ల ఊరంతా తెలిసింది, వారం తిరిగేసరికి మా స్టాఫ్‌రూముకు వచ్చింది. నాకు ఒళ్లు మండింది. "ఊరిని ఏలిన మనిషికి ప్లేటు పట్టను చేతులు లేవా" అన్నాను. ఆ మాట అంతకంటే తొందరగా వాళ్ల ఊరు చేరింది. అప్పటి నుంచి మాటల్లేవు.

మాటల్లేకపోయినా ఎవరిళ్లలో వాళ్లం హాయిగానే ఉండేవాళ్లం, ఒడిబియ్యం రాకుండా ఉంటే. పెళ్లయిన బిడ్డకు పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికెగుడ్డ ఆమె చీర కొంగులో పోసి దీవించాలి. దానికి అత్తగారి ఇంటికి పోయి, బొట్టు పెట్టి, నోరారా పిలవాలి. వాళ్లు వచ్చి భోజనం చెయ్యాలి. మాఘం సగం అయిపోయింది. ఆ గడప ఎక్కడానికి నా తల వంగలేదు. అత్తగారికి చెప్పకుండానే కానిచ్చేద్దామని ఒకరోజు మెల్లగా అన్నాను. "మా అత్తమ్మ రాకుంటే నేను ఒడి పట్ట. ఈ ఏడే కాదు, ఎప్పుడు పట్ట" అన్నది మా బిడ్డ. ఆ మొండితనం ఎవరి పోలికో మా ఆయనను అడిగితే చెప్తాడు. నా ఒక్కగానొక్క బిడ్డ ఒడి ఖాళీగా ఉంటుందని తలుచుకుంటే మాత్రం నాకు రాత్రి అన్నం దిగేది కాదు.

అదీ సంగతి. అలా నలుగురం గుట్ట ఎక్కడం మొదలుపెట్టాం.

దారి మరీ కష్టమైంది కాదు. మొదట టేకు చెట్ల మధ్య ఎర్రమట్టి బాట, ఆకులు రాలి కాలు పెడితే చాలు పెద్ద చప్పుడు. తర్వాత రాళ్లు. దారి తప్పకుండా అక్కడక్కడా బండల మీద తెల్లరంగుతో బాణం గుర్తులు వేశారు. పిల్లలు మొదట మా పక్కనే నడిచారు. మేమిద్దరం మాట్లాడుకోవాల్సినవన్నీ వాళ్ల ద్వారానే మాట్లాడుకున్నాం. "మీ అమ్మను జర ముళ్లు చూసుకొని నడువుమను" అని ఆమె మా బిడ్డతో అంటుంది. "మీ అమ్మకు చెప్పు, నాకు కండ్లున్నయి" అని నేను అల్లుడితో అంటాను. కాసేపటికి పిల్లలకు విసుగు వచ్చిందో, ఇది కూడా ప్లానులో భాగమో, క్యారియరూ సంచులూ అన్నీ భుజానికేసుకుని చెంగుచెంగున ముందుకు పోయారు. మలుపు తిరిగాక వాళ్ల నవ్వులు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు మాట్లాడాలంటే మధ్యలో మనిషి లేడు. కాని మా వియ్యపురాలు ఊళ్లో పంచాయితీలు చేసిన మనిషి, దేనికైనా దారి దొరకబుచ్చుకుంటుంది. ఒక మోదుగ చెట్టు దగ్గర ఆగి, దాని ఎర్రపూల వైపు చూస్తూ, "ఈడ రాయి కదులుతున్నదట. వెనక వచ్చేటోళ్లు చూసుకోవాల్నట" అన్నది.

నేనూ తక్కువ తినలేదు. అదే చెట్టుతో, "చూసుకుంటరట" అన్నాను.

ఆ రోజు ఆ అడవిలో చెట్లకు మా గురించి తెలియని సంగతి లేదు. ఇప్పచెట్టుకు నా షుగర్ సంగతి తెలిసింది. తునికి చెట్టుకు ఆమె ఎడమ మోకాలు సంగతి తెలిసింది. నాకు ఆయాసం వచ్చి నిలబడితే, కావాలని నిలబడ్డట్టు ఒక కొమ్మను పట్టుకుని ఆకులు చూసేదాన్ని. ఆమెకు ఆయాసం వస్తే ఫోను తీసి, సిగ్నల్ వెతుకుతున్నట్టు ఆకాశానికి ఎత్తేది. అక్కడ సిగ్నల్ లేదని ఇద్దరికీ తెలుసు.

సగం దూరం వచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. నీళ్ల సీసా ఒక్కటే ఉంది, నా చేతిలో. ఆమెది పిల్లల సంచిలో పోయింది. ఒక బండ మీద సీసా పెట్టి, "నీళ్లున్నయట. కావాలంటే తాగొచ్చట" అన్నాను, పక్కనున్న పుట్టతో.

"దూప ఉన్నోళ్లు తాగుతరు" అన్నది ఆమె పుట్టతోనే. పెదాలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి.

ఇవ్వజూపిన తర్వాత ఆమె తాగకుండా నేనెలా తాగుతాను. వియ్యపురాలిని ఎండలో నిలబెట్టి గడగడా నీళ్లు తాగిందనే కథ కూడా మా స్టాఫ్‌రూముకు రావాలా. సీసా చంకలో పెట్టుకున్నాను. నిండు నీళ్లతో, ఎండిన గొంతులతో ఇద్దరం పైకి ఎక్కాం. చదువుకున్నదాన్ని, పిల్లలకు బుద్ధులు చెప్పేదాన్ని, నేనూ అదే పని చేశాను.

చివరికి నిలువెత్తు బండ ఒకటి వచ్చింది. దాంట్లో మెట్ల లాగా గుంటలు చెక్కారు. ఆమె పొలం మనిషి, గుంటల్లో కాలు పెట్టి మూడు అడుగుల్లో పైకి చేరింది. నేను మొదటి గుంటలోనే ఇరుక్కుపోయాను. కిందికీ రాలేను, పైకీ పోలేను. చెమటకు నుదుటి మీది కుంకుమ కరిగి ముక్కు మీదికి జారింది. పై నుంచి తువ్వాల కొస ఒకటి వేలాడింది.

"ఎవలకన్న అక్కర ఉంటే పట్టుకోవచ్చట" అన్నది గొంతు.

పట్టుకున్నాను. నీళ్ల బావిలోంచి బొక్కెన తోడినట్టు ఒక్క గుంజుతో నన్ను పైకి లాగింది. తువ్వాల దులిపి మళ్లీ తలకు చుట్టుకుని ముందుకు నడిచింది. థాంక్స్ చెప్పడానికి దగ్గర్లో చెట్టు కూడా లేదు.

పైన గాలి చల్లగా తగిలింది. గుట్ట అంచున ఇనుప కడ్డీలు పాతి, చూడడానికి ఒక దిమ్మె కట్టారు. పిల్లలు చెప్పింది నిజమే. కింద అడవి, అడవి దాటాక చెరువు, చెరువు పక్కన చేన్లు. అక్కడక్కడా కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారు, ఇంత ఎత్తు నుంచి కూడా ఆ ఎరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. నాకు గుట్టలంటే అయిష్టం కదా, అయినా కాసేపు కోపం మరిచిపోయి చూశాను. ఆమె కూడా పక్కనే నిలబడి, "మిర్చి మంచిగనే పండినట్టున్నదట" అన్నది కడ్డీతో.

అల్లుడు ఒక చెట్టు నీడలో పేపర్లు పరిచి గిన్నెలు తెరిచాడు. వాళ్లమ్మ తెచ్చిన జొన్నరొట్టెలు, యాట కూర. నేను తెచ్చిన సర్వపిండి, టమాట తొక్కు. యాట కూర వాసన గాలికి నా దగ్గరికి వచ్చింది. పొద్దున చాయ్ తప్ప ఏమీ కడుపులో పడలేదు.

"ఇగ ఎవలది వాళ్లు పెట్టుకోండ్రి. బఫే" అన్నాడు అల్లుడు.

ఆ మాట నోట్లోంచి జారాక నాలుక కరుచుకున్నాడు. మా బిడ్డ అతని మోచేతిని గట్టిగా గిల్లడం నేను చూశాను. అయిపోయింది. మా వియ్యపురాలు మెల్లగా పోయి ఆ పక్కన ఒక రాయి మీద, చెరువు వైపు మొహం పెట్టి కూచుంది. నేను ఈ పక్కన ఇంకో రాయి మీద కూచున్నాను. ఆమె కూర ఉన్న చోటికి ఆమె పిలవకుండా నేనెందుకు పోతాను?

పిల్లలు రెండుసార్లు తినమన్నారు. ఇద్దరం ఒకే మాట అన్నాం. "తింటం." మూడోసారి వాళ్లు అడగలేదు. వయసులో ఉన్నవాళ్లు, గుట్ట ఎక్కిన ఆకలి, తినడం మొదలుపెట్టారు.

నేను చూడనట్టే చూస్తున్నాను. ఒక రొట్టె పోయింది. ఇంకో రొట్టె పోయింది. అల్లుడు గిన్నె వంచి మెత్తటి ముక్కలు వేసుకున్నాడు. ముక్క పోయినప్పుడల్లా మిగిలినవి లెక్కపెట్టుకున్నాను. లేచి పోయి వేసుకోవచ్చు, ఎవరూ ఆపరు. నాకు చేతులున్నాయి. కాని కాళ్లు లేవవు. ఒక్కరు వచ్చి, "లే, తిందువు రా" అంటే చాలు. అడిగినప్పుడు తింటామన్నారు గదా అనుకుని అందరూ ఎవరి పనిలో వాళ్లు ఉంటారు. పిలుపు కోసం చూస్తూ, చూడనట్టు నటిస్తూ కూచోవడం ఎంత నామోషీగా ఉంటుందో అప్పుడు తెలిసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. యాభై మూడేళ్ల ఆడదాన్ని, యాట కూర కోసం ఏడ్వబోయాను.

నేను అక్కడ కూచున్నది పదిహేను నిమిషాలు కూడా కాలేదు. ఆమె మూడున్నర గంటలు కూచుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ తొమ్మిది నెలల్లో మా ఆయనకు కూడా చెప్పలేదు. పెళ్లిరోజు నేను ఆమె కుర్చీ పక్క నుంచి పోయాను. చేతిలో అప్పడాల గంప ఉంది. "తిన్నవా వదినె" అని అడిగాను. "ఆఁ, తింటం" అన్నది. ఆమె మొహం చూస్తే తినలేదని, తినదని నాకు తెలిసిపోయింది. ఒక్క నిమిషం ఆగి చెయ్యి పట్టుకుంటే సరిపోయేది. అప్పడాలు మెత్తబడతాయని పరుగెత్తాను. ఆడబిడ్డ చూసుకుంటుందిలే అనుకున్నాను. అందరికీ ఆడబిడ్డ పేరు చెప్పాను గాని తప్పు నాదే.

లేచాను. ప్లేటు తీసుకుని రెండు రొట్టెలు పెట్టాను. గిన్నె అడుగున మూలుగ ఉన్న నల్లిబొక్క ఒకటి మిగిలి ఉంది. అల్లుడు దాని మీదికి చెయ్యి చాపాడు, నేను బడిలో చూసే చూపు ఒకటి చూశాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నల్లిబొక్కా, మిగిలిన నాలుగు ముక్కలూ వేసుకుని ఆమె రాయి దగ్గరికి పోయాను.

"వదినె, లే. తిందువు రా" అన్నాను. ఈసారి చెట్టుతో కాదు.

ఆమె చెరువు మీది నుంచి చూపు తిప్పలేదు. "ఆఁ, తింటం" అన్నది.

ఆ మాటకు అర్థం ఇప్పుడు నాకు బాగా తెలుసు. ప్లేటు ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో ఆమె చెయ్యి పట్టుకుని లాగాను. ఆమె మోకాలు చప్పుడు చేసింది, నా నడుమూ చప్పుడు చేసింది, మొత్తానికి లేచింది. నీడలోకి తీసుకుపోయి, పేపరు మీద కూచోబెట్టి, ప్లేటు ముందు పెట్టి, సీసా మూత తీసి ఇచ్చాను. సగం సీసా ఒక్క గుక్కలో తాగింది. నల్లిబొక్కను చూసింది. నన్ను చూసింది.

"గా దినం గూడ నువ్వు అడిగినవ్" అన్నది.

"అడిగిన. ఆగలే. ఆగాల్సి ఉండె వదినె. నా తప్పే."

ఆమె రొట్టె తుంపి కూరలో అద్దింది. "నేను గూడ లేచి పెట్టుకోవాల్సి ఉండె. చేతులైతె ఉన్నయి" అన్నది. ఆ చేతుల మాట అలా తిరిగి నా మీదికే వచ్చింది. మా బిడ్డ అటువైపు తిరిగి చున్నీతో కళ్లు తుడుచుకుంది. అల్లుడు మాత్రం ఖాళీ గిన్నె వైపు చూస్తున్నాడు.

ఆమె నోట్లో ముక్క ఉండగానే అడిగేశాను, కాదనడానికి వీలు లేకుండా. "వచ్చే శుక్రవారం బిడ్డకు ఒడిబియ్యం పోస్తున్నం. నువ్వు రావాలె. అన్నను తోలుకొని రావాలె."

ఆమె తాపీగా నమిలింది. "మా ఇంట్ల బొట్టు పెట్టకుంట పిలిస్తె పోరు" అన్నది.

గుట్ట మీద కుంకుమ ఎక్కడిది? సంచి వెతికింది మా బిడ్డ, సన్‌స్క్రీన్ ఉంది, గ్లూకోజ్ ఉంది, కుంకుమ లేదు. నేను నా ముక్కు తడుముకున్నాను. చెమటకు కారిన కుంకుమ ఇంకా తడిగానే ఉంది. వేలితో తీసి ఆమె నుదుట పెట్టాను. కొంచెం వంకరగా పడింది.

"వస్త" అన్నది. "బఫే అయితె రాను."

"చాప మీద కూసోబెడ్త. వద్దన్నా వేస్త."

ఆమె తలూపి నల్లిబొక్కను ప్లేటు అంచుకు కొట్టి మూలుగ పీల్చింది. ఆ చప్పుడు విని నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇక పని అయిపోయిందని లేచి, ఖాళీ గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను. ఎక్కడికి పోయినా నాకది అలవాటు.

"నువ్వు తిన్నవా వదినె" అని అడిగింది వెనక నుంచి.

"ఆఁ, తింట" అన్నాను గిన్నె మూత వెతుక్కుంటూ.

కూర అంటిన చెయ్యి వచ్చి నా మణికట్టును పట్టుకుంది. తువ్వాలతో లాగినట్టే లాగి పక్కన కూచోబెట్టింది. తన ప్లేటులోంచి ఒక రొట్టె, రెండు ముక్కలు తీసి నా చేతిలో పెట్టింది.

"గా మాట నాకు చెప్పకు. తిను" అన్నది.